సగటు లెక్క చాటున దాక్కున్నదెవరు?

(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి భూమి గురించి, కూలి గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు బొగ్గు పొగ గురించి మాట్లాడుకుందాం. "అది పెద్దోళ్ల ముచ్చట గదా సార్, మనకెందుకు?" అని కొందరికి అనిపించవచ్చు. పెద్దోళ్ల ముచ్చటే. కాని ఆ పెద్దోళ్లు విదేశాల్లో సభలకు పోయి మన పేరు చెప్పే మాట్లాడుతున్నారు. మన పేరు మీద రాసిన లెక్క మనకు తెలియకపోతే ఎట్లా?

బొగ్గు, డీజిలు, పెట్రోలు, గ్యాసు - వీటన్నిటిలో ఉండేది కార్బన్. కాల్చినప్పుడు అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆక్సిజన్ బరువు కూడా తోడవుతుంది గనుక టన్ను బొగ్గు కాలిస్తే సుమారు టన్నున్నర ఈ వాయువు వస్తుంది. కంటికి కనపడదు. కాని దుప్పటి కప్పినట్టు భూమి వేడిని బయటికి పోనియ్యదు. అందులో చాలా భాగం వందల ఏండ్లు అక్కడే ఉంటుంది. కాబట్టి ఇవాళ్టి ఎండకు తాతల నాటి పొగ కూడా కారణమే.

ఇక మన దేశం లెక్క. సిమెంటు తయారీతో కలిపి 1950లో మనం ఏడాదికి వదిలింది ఆరు కోట్ల టన్నులు. 1990 నాటికి 58 కోట్ల దాకా వచ్చింది. 2000లో వంద కోట్లకు చేరువైంది. 2010లో సుమారు 170 కోట్లు. 2023లో 300 కోట్లు దాటింది. అంటే 1990 నుంచి ఐదింతలు. ఈ కాలంలో గీత స్పష్టంగా కిందికి దిగింది 2020లో, కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు. మన వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని వందల మైళ్లు నడిచిందీ ఆ ఏడే. కూలోడి కడుపు మాడ్చి పొగ తగ్గించమని మనం అడగడంలేదు.

ఎందుకు పెరిగింది? మొదటి జవాబు బొగ్గే. 1971-73 మధ్య బొగ్గు గనులు జాతీయమయ్యాయి. 1975లో ఎన్టీపీసీ పుట్టింది. 1983లో రామగుండంలో దాని మొదటి యూనిట్ నడిచింది. 1991 తర్వాత ఫ్యాక్టరీలు, కార్లు, ఏసీలు పెరిగినకొద్దీ బొగ్గు వాడకం పెరిగింది. 2024-25లో దేశంలో తవ్విన బొగ్గు మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. ఎండ, గాలి, నీరు, అణుశక్తితో నడిచే కేంద్రాల సామర్థ్యం 2025లో సగానికి చేరిందని ప్రకటించారు. మంచిదే. కాని సామర్థ్యం వేరు, వచ్చే కరెంటు వేరు. పొద్దు గూకితే సోలార్ ఆగిపోతుంది. అందుకే పుట్టే కరెంటులో ఇంకా నూటికి డెబ్బై పాళ్లకు పైగా బొగ్గుదే.

రూపాయి సంపాదనకు వదిలే వాయువు 2005 నుంచి 2020 నాటికి మూడో వంతుకు పైగా తగ్గిందని ప్రభుత్వం చెబుతుంది. అదీ నిజమే. కాని ఎకరానికి నీళ్లు కొంచెం తక్కువ పెట్టి, ఎకరాలు రెట్టింపు చేస్తే బావి ఎండదా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మన పాలకులు బయట చెప్పే మాట ఏమిటంటే, భారతదేశంలో తలకు రెండు టన్నులే, అమెరికాలో తలకు 14 టన్నులు అని. పాతకాలం నుంచి పేరుకున్న మొత్తంలో అమెరికా వాటా నాలుగో వంతు, మనది నూటికి మూడు నాలుగు పాళ్లే అని. ఈ వాదం న్యాయమైనది. కాల్చినోడు కట్టాలి. మనం దీన్ని గట్టిగా సమర్థిస్తాం.

అయితే అదే న్యాయం దేశం లోపల ఎందుకు వర్తించదు? ఒక ఊళ్లో వంద ఇండ్లు. దొరకు వంద ఎకరాలు, తొంభై తొమ్మిది ఇండ్లకు సెంటు లేదు. సగటు తీస్తే ఇంటికి ఎకరం. కాగితం మీద అందరూ భూమి ఉన్నోళ్లే! ఈ తలసరి రెండు టన్నులు అట్లాంటి లెక్కే. ఇంట్లో నాలుగు ఏసీలు, వాకిట్లో రెండు కార్లు ఉన్నోడు మన పూరింటి బల్బు చాటున నిలబడి తప్పించుకుంటున్నాడు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 67 ఇండ్లలో కరెంటు దీపం ఉంటే, షెడ్యూల్డు కులాల ఇండ్లలో 59కే ఉంది. అప్పటికే దేశం ఏటా 170 కోట్ల టన్నులు వదులుతున్నది. ఆ పొగ ఎవరి వెలుగుకోసం?

అనుభవించేది మాత్రం మనం. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేయక తప్పనోళ్లు, ముసలోళ్లు ముందు రాలిపోయారు. 2010 జూలైలో సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. బొగ్గు మాత్రం పెరిగింది. ఓపెన్ కాస్టులు వచ్చాయి, ఊళ్లు పోయాయి.

సోలార్ వస్తే మన కష్టం తీరుతుందా? దానంతటది తీరదు. ఉమ్మడి అనంతపురం జిల్లా ఎన్.పి.కుంట సోలార్ పార్కు చూడండి. ఏండ్లకేండ్లు దున్నుకున్నా చేతిలో పట్టా లేనోళ్లు పరిహారం కోసం తిరగాల్సి వచ్చింది. ఇంధనం మారినా భూమి పోయేది మనోళ్లదే అయితే ఏం మారినట్టు?

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ చూశారు. కరెంటు విధానం ఆ శాఖ కిందే ఉండేది. 1943 డిసెంబరులో ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి కార్మికుల బతుకు కళ్లారా చూశారు. కరెంటూ, కార్మికుడూ ఆయనకు వేరు వేరు సంగతులు కావు. మనకూ కాకూడదు.

కాబట్టి ఊరూరా ఈ నాలుగు మాటలు చెప్పండి. ఒకటి, పొగ లెక్క దేశం సగటుతో ఆపొద్దు, ఆదాయాల వారీగా తీసి బయటపెట్టాలి. రెండు, పేద ఇంటి కరెంటు మీద కోత పెట్టొద్దు, విలాసాల మీద పన్ను వేయాలి. మూడు, 2070కల్లా పొగ లెక్క సున్నా చేస్తామని 2021లో గ్లాస్గోలో మాటిచ్చారు. గనులు మూసే ముందే కాంట్రాక్టు కార్మికుడితో సహా అందరికీ పని చూపించాలి. నాలుగు, సోలార్ కింద పోయే అసైన్డ్ భూమికి, సాగులో ఉన్న భూమికి పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలి, కూలికి కూడా వాటా ఇవ్వాలి.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా రాయించండి. నోటిమాటతో వదలొద్దు, కాగితం మీద సంతకాలు చేయించండి. సగటు పేరుతో మన లెక్క వాళ్లు రాశారు. ఇక మన లెక్క మనం రాసుకుందాం.

జై భీమ్!