జ్వరం ఏ పనిలో తగిలింది?
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కొమ్ముకోయ ఆట అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. ఆ డోలు మోత విన్న చెవులతో మలేరియా సంగతి ఎవరు వింటారర్రా అన్నాను మన పిల్లలతో. ‘‘మామా, నువ్వు చెప్పాల్సిందే’’ అన్నారు. సరే. ముప్పై ఏళ్లకు పైగా ఏజెన్సీలో మలేరియా వర్కరుగా, తర్వాత హెల్త్ అసిస్టెంటుగా తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది ఇదొక్కటే.

ఇంకో పదకొండు రోజుల్లో దోమల దినం వస్తుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పురుగును చూసిన రోజు. అది మన తెలుగు నేల మీదే జరిగిందని ప్రతి ఏడాదీ గొప్పగా చెప్పుకుంటాం. చలిజ్వరం మాత్రం ఇంకా మన కొండల్లోనే ఉంది.

1953లో దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. 1976కి మళ్లీ అరవై నాలుగు లక్షలు దాటాయి. దిగినప్పుడూ, ఎక్కినప్పుడూ పద్ధతి మాత్రం ఇంటి చుట్టూనే అల్లి ఉంది. ఇంటికి నంబరు వేయడం, గోడకు మందు కొట్టడం, పదిహేను రోజులకోసారి గడప తొక్కి జ్వరం ఉందా అని అడగడం, రక్తపూత తీయడం. చెడ్డ పద్ధతేమీ కాదు, ఎన్నో ప్రాణాలు నిలిపింది. కాకపోతే అది మనిషి రాత్రిపూట ఇంట్లో పడుకుంటాడని నమ్మిన పద్ధతి. మన మనిషి ఏడాదిలో ఎన్ని రాత్రులు ఇంట్లో పడుకుంటాడు? పంట కాపలాకు పోడులో మంచె మీద, మిరప కోతలకు పోతే రైతు చేలో పాకలో, రోడ్డు పనికి పోతే వాగు పక్కన టార్పాలిన్ కింద.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒక పిల్లవాడు చనిపోయాక తెలిసింది.

చాలా ఏళ్ల కిందటి మాట. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజులు. నా పరిధిలోని ఒక పల్లెలో ఇరవై రెండేళ్ల కుర్రాడు, నాకు వరసకు అల్లుడు, వణుకుడు జ్వరంతో ఇంటికొచ్చాడు. రెండు రోజులు ఇంట్లోనే ఉన్నాడు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మంచం మీద మోసుకొస్తుంటే దారిలోనే పోయాడు. ముందు రోజు తీసిన రక్తపూతలో ఫాల్సిపారం ఉందని తర్వాత తేలింది.

మేం ఏం చేశాం? పల్లె మొత్తానికి మళ్లీ మందు కొట్టాం. పిల్లా పెద్దా అందరికీ రక్తపూత తీశాం. ఒక్కరికీ మలేరియా లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. ఊళ్లో ఎవరికీ లేని జ్వరం వీడికి ఎక్కడి నుంచి వచ్చింది? అడగలేదు. రిజిస్టర్‌లో ఊరి పేరు, ఇంటి నంబరు, వయసు రాసి, కేసు మూసి, మా అక్క ఎదుట తల వంచుకుని కూర్చున్నాను.

నెలవారీ మీటింగులో పక్క పీహెచ్‌సీ నుంచి వచ్చిన తోటి వర్కరు టీ తాగుతూ అన్నాడు, వాడి పల్లెల్లోనూ ఇద్దరు కుర్రాళ్లకు గట్టి జ్వరాలు, రోడ్డు పని నుంచి వచ్చినవాళ్లేనని. మేస్త్రి ఎవరని అడిగాను. మా అల్లుణ్ణి తీసుకెళ్లినవాడే. ఇంకో ఊళ్లో మరో ఇద్దరు తేలారు. ఐదుగురూ ఒకే ముఠా, ఒకే వాగు పక్కన పడుకున్నవాళ్లు. మూడు రిజిస్టర్లలో మూడు ఊళ్ల జ్వరాలుగా రాసి ఉన్నాయి. మేం ఆ క్యాంపుకు వెళ్లేసరికి టార్పాలిన్లు పీకేసి, పని ముందుకు జరిగిపోయింది. పొయ్యి రాళ్లు మాత్రం ఉన్నాయి.

ఆ రోజు నుంచి సర్కారు రిజిస్టర్‌తో పాటు నాది ఒక నోటుబుక్కు మొదలైంది. ఎవరూ రాయమనలేదు. జ్వరం ఏ రోజు మొదలైంది, అంతకు ముందు రెండు వారాలు ఏ పనికి పోయాడు, ఎవరు తీసుకెళ్లారు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, పక్కన ఎవరెవరు పడుకున్నారు. అంతే. ఫాల్సిపారం అయితే దోమ కుట్టిన తర్వాత తొమ్మిది నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం వస్తుంది. అందుకని జ్వరం రోజు నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ పోతే మనిషి ఏ చోట ఉన్నాడో తేలుతుంది. తారీకు అడిగితే మనవాళ్లు చెప్పలేరు. ‘‘ఏ సంత తర్వాత పోయావు? భూమి పండుగ ముందా, వెనకా?’’ అంటే తప్పు లేకుండా చెప్తారు. ఈ ప్రశ్న కింద నుంచి వచ్చిన ఆఫీసర్లకు చేతకాదు, మనకే చేతనవుతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది చివరి గడి, పక్కన ఎవరు పడుకున్నారన్నది. ఒకరి జ్వరం తెలిసిన రోజే మిగతావాళ్ల ఊళ్లకు కబురు పంపితే, వాళ్లకు వణుకు మొదలైన నాడే కిట్టుతో పరీక్ష చేసి మందు వేయగలం. మా అల్లుడి విషయంలో పోయిన రెండు రోజులూ అవే.

ఈ లెక్క అన్నిటికీ పనికిరాదని కూడా చెప్పాలి. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. దాన్ని పట్టుకుని ఫలానా చేలో తగిలిందంటే అబద్ధమే. పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ మాత్రలు పూర్తిగా మింగించడమే అక్కడ పని. నాలుగో రోజుకు జ్వరం పోగానే మాత్రలు గూట్లో పెట్టేసే అలవాటు మనకు బాగా ఉంది, నవ్వకండి.

ఇంకో తప్పు కూడా చేశాను. ఒకసారి మిరప కోతల ముఠా మేస్త్రికే వెళ్లి, నీ మనుషుల్లో ఫలానా ముగ్గురికి జ్వరం ఉంది, చూసుకో అని పేర్లు చెప్పాను. మంచికే చెప్పాననుకున్నాను. అతను మర్నాడే వాళ్లను కూలి లెక్క కూడా తేల్చకుండా బస్సెక్కించాడు. ఆ తర్వాత ఆ ముఠాలో ఎవరూ నాకు జ్వరం సంగతి చెప్పలేదు. చెప్తే కూలి పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోవచ్చు, కూలివాడు ఏది ఎంచుకుంటాడో మీకు తెలుసు. అందుకే పేర్లున్న పుస్తకం మన చేతిలోనే ఉండాలి. పని పెట్టినవాడికి చెప్పాల్సింది పేర్లు కాదు. నీ క్యాంపులో జ్వరాలున్నాయి, దోమతెరలు ఇవ్వు, వాగు నుంచి దూరంగా పాకలు వెయ్యి, అంత వరకే.

మలేరియా ఒక్కటే కాదు. పాడేరు, అరకు వైపు చచ్చిన పశువును కోసినవాళ్ల చేతులకు ఆంత్రాక్స్ పుండ్లు లేచిన సంగతి మీరు విన్నారు. అక్కడ అడగాల్సింది ఏం తిన్నావని మాత్రమే కాదు, చర్మం ఎవరు ఒలిచారు, మాంసం ఎవరు ముక్కలు చేశారని. మన ఆశా అక్కల మాటేమిటి? క్షయ రోగి దగ్గే ఇంట్లోకి వెళ్లి మందు ఇచ్చి వస్తారు. ఊరందరి దగ్గూ వాళ్ల పుస్తకంలో ఉంటుంది. వాళ్ల దగ్గు ఎవరి పుస్తకంలో ఉంది? కరోనా వచ్చినప్పుడు, 2020లో, ఆశాలతో సహా ఆరోగ్య సిబ్బందికి యాభై లక్షల బీమా ప్రకటించారు. మంచిదే. కానీ అలాంటి సొమ్ము అడగాలన్నా ఏ డ్యూటీలో, ఏ రోజుల్లో రోగికి దగ్గరగా ఉన్నారో కాగితం కావాలి.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్లో మొదటి పేరే అంటురోగాలది. ఆసుపత్రి, ల్యాబ్ పనులు, పశువుల పని, కళేబరాల పని, ఇంకా రోగం సోకే ముప్పు ప్రత్యేకంగా ఉన్న ఇతర పనులు అని రాసి ఉండేది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకీ ఆ జాబితా వచ్చింది. వాగు పక్క క్యాంపులో మలేరియా ఆ ‘ఇతర పనుల’ కిందికి వస్తుందా అంటే, వాదించి గెలవాలి. వాదించడానికి తారీకు కావాలి, చోటు కావాలి, పక్కన పడుకున్నవాడి సాక్ష్యం కావాలి. మా అక్క దగ్గర ఆ మూడూ లేవు. నా రిజిస్టర్‌లో ఇంటి నంబరు ఉంది.

నా నోటుబుక్కు ఖాళీ పేజీ ఒకటి నకలు తీయించి తెచ్చాను, అదిగో పుస్తకాల బల్ల మీద ఉంది. సంఘం పిల్లలు పల్లెకొకరు తీసుకోండి. పంట కాపలాకు మంచెలు ఎక్కే రోజులు దగ్గర పడ్డాయి. ఎవరు ఏ పోడులో పడుకుంటున్నారో, దోమతెర ఇంట్లో ఉందో మంచె మీద ఉందో, ముందు అది రాయండి.