డెబ్బైకి ఇచ్చేసిన బ్లౌజు

బేరాల గురించి అడిగారు కదా, నాకు జరిగిందే చెప్తాను.

లండన్‌లో పగలు వేర్‌హౌస్ డ్యూటీ, రాత్రి మగ్గం పని. ఒక అక్క పెళ్లికని బ్లౌజు చెప్పింది. 120 పౌండ్లు, అడ్వాన్సు 20. పదకొండు రాత్రులు కూర్చున్నా. తీరా ఇచ్చేరోజు, "హైదరాబాద్‌లో మూడు వేలకే చేస్తారు చెల్లీ" అంది. గొడవెందుకని మొత్తం 70కే ఇచ్చేశా. వారం తిరక్కుండా ఆవిడ స్నేహితులిద్దరు ఫోన్: "మాకూ డెబ్బైకే!"

ఇప్పుడు సగం డబ్బు ముందే. డిజైన్ ఫొటోకి వాట్సాప్‌లో 'సరే' అన్నాకే సూది పడతా. ఆన్‌లైన్‌లో కొన్నవి 14 రోజుల్లో వాపసిచ్చే రూలు ఇక్కడుంది గానీ, కొలతలకు కుట్టినవాటికి అది వర్తించదు. పనిలో లోపముంటే మాత్రం బాధ్యత మనదే.

ఆ అక్క మొన్న మళ్లీ అడిగింది. 60 పంపమన్నా. ఇంకా రాలేదు. మగ్గానికి బట్ట బిగించలేదు.