పక్కన కూర్చునే మనిషి

ఈరోజు న్యాయశాస్త్ర పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

1972 ఏప్రిల్‌లో లండన్‌లో మాక్స్‌వెల్ కాన్ఫెయిట్ అనే వ్యక్తి హత్యకు గురయ్యాడు. పోలీసులు ముగ్గురు కుర్రాళ్లను పట్టుకున్నారు. పెద్దవాడికి 18 ఏళ్లు. మానసిక వయసు మాత్రం ఎనిమిదేళ్లు. ప్రశ్నించేటప్పుడు పక్కన కన్నవాళ్లు లేరు, వకీలు లేడు. ఒప్పుకోలు వచ్చింది, శిక్షలు పడ్డాయి. మరణ సమయం ఆ ఒప్పుకోలుతో పొసగదని తేలాక 1975లో అప్పీలు కోర్టు వాటిని కొట్టేసింది. ఆ కేసు రేపిన కలవరమే 1984 నాటి పోలీసు చట్టానికి ఒక కారణం. ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఆ పెద్ద కుర్రాడి లాంటివారిని ప్రశ్నించాలంటే, పోలీసులతో సంబంధం లేని పెద్దవారొకరు పక్కన ఉండాలి.

ఇక మన దేశంలో, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, మేధో వైకల్యాన్నీ గుర్తించింది. 12వ సెక్షన్‌లో న్యాయం పొందే హక్కునూ రాసింది. వైకల్యం ఉన్న సాక్షిని స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే వెళ్లి అడగాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. అదే మనిషి నిందితుడైతే? వకీలును కలవనిస్తారు గానీ విచారణ పొడుగునా ఉండనివ్వరు. 2024లో కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినా ఈ ఖాళీ పూడకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

పోలీసులు ప్రశ్నించే ఆ గదిని ఒక్కసారి ఊహించుకోండి. వైర్‌లెస్ సెట్ గరగరలాడుతోంది, ట్యూబులైటు కొట్టుకుంటోంది, పక్క గదిలో ఎవరో అరుస్తున్నారు. ఆటిజం ఉన్న కుర్రాడు చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. కళ్లలోకి చూడడు. "తప్పు చేశాడు కాబట్టే చూడట్లేదు" అంటారు. భుజం మీద పడ్డ చేతిని విదిలించుకుంటే "ఎదురు తిరిగాడు" అని రాస్తారు. ఇక జైల్లో రాత్రంతా వెలిగే దీపాలు, ఆగని రణగొణ. బెయిలు మీద ఇంటికొచ్చాక కూడా ఖాకీ చొక్కా కనబడితే మంచం కిందకు దూరుతాడు. కేసు వీగిపోయినంత మాత్రాన ఆ భయం పోదు.

పోలీసుల ముందు ఒప్పుకోలు మన కోర్టుల్లో చెల్లదు కదా అంటారేమో. దాని వెంట దొరికిన వస్తువు చెల్లుతుంది, మేజిస్ట్రేటు పద్ధతి ప్రకారం నమోదు చేసిందీ చెల్లుతుంది. అందుకే మీలో మేజిస్ట్రేట్లు కాబోయేవారిని ఒకటి అడుగుతున్నాను. రిమాండుకు తెచ్చిన మనిషిని ముందు మామూలు మాటల్లో పలకరించండి: పొద్దున ఏం తిన్నావు, ఇంట్లో ఎవరెవరుంటారు? ఒప్పుకోలు నమోదు చేయాల్సి వస్తే "నువ్వు అక్కడున్నావా" అని అడిగాక, కాస్త ఆగి "నువ్వు అక్కడ లేవు కదూ" అనీ అడగండి. రెండింటికీ ఔనంటే కలం పక్కన పెట్టి, వైద్యుణ్నీ ఇంటివాళ్లనూ పిలిపించండి.