ఓటరు జాబితాయును, పోలింగు పద్ధతులును
(పాతపట్నమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఎన్నికల చట్టమందలి మార్పులను గూర్చి ముచ్చటింపుఁడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ముందుగా నొక్క మనవి. ఫలానావారికి ఓటు వేయుఁడని ఈ వేదికనుండి మేము చెప్పము. అభ్యర్థి గాని, వారి యనుమతితో మఱియొకరు గాని కులము పేర ఓటడుగుట ప్రజాప్రాతినిధ్య చట్టము (1951) 123వ సెక్షనుచే నిషిద్ధము. అభ్యర్థి కులమే కాక ఓటరు కులమును చూపి యడుగుటయు నందు చేరునని 2017 జనవరి 2వ తేదీని సుప్రీముకోర్టున ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురు తీర్పు చెప్పిరి. మన సంఘమునకుఁ దగిన పని వేఱు. మనవారి పేర్లు జాబితాలో సరిగా నున్నవో లేవో చూచుట.

మన యూరికొక ప్రత్యేకమైన చిక్కు కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రము కాగా పర్లాకిమిడి యటు పోయెను, పాతపట్నము ఇటు నిలిచెను. చుట్టఱికములు మాత్రము సరిహద్దు నెఱుఁగవు. మన యాడపడుచులు అటు కోడండ్రైరి, అటువారు ఇటు వచ్చిరి. పెండ్లియై పదియేండ్లు గడచినను పుట్టినింట పేరు నిలిచియుండ, అత్తవారింట మఱల పేరు చేరుట మన మెఱిఁగినదే. ఒకరి పేరు రెండుచోట్ల నుండరాదని 1950వ సంవత్సరపు చట్టము 17, 18 సెక్షనులు చెప్పుచున్నవి. అబద్ధపు వాఙ్మూలము నిచ్చినచో ఏఁడాది వఱకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 2024 మే 13వ తేదీని ఇచ్చటను, పర్లాకిమిడి చేరిన బరంపురము లోక్‌సభ నియోజకవర్గమునను ఒక్కనాఁడే పోలింగు జరిగెను. రెండుచోట్ల ఓటు వేయకున్నను, రెండు పేర్లుండుట తప్పు తప్పే.

దీనికి మార్గము సులభము. 2022 ఆగస్టు 1వ తేదీనుండి ఫారము 6 క్రొత్త ఓటరులకు మాత్రమే. నివాసము మాఱినవారికి, రాష్ట్రము మాఱినను, ఫారము 8. పూర్వము జనవరి 1వ తేదీకి పదునెనిమిదేండ్లు నిండవలసియుండెను. ఆ సవరణతో ఏప్రిల్, జూలై, అక్టోబరు మొదటి తేదీలును చేరినవి. తగిన కారణముచే ఆధారు చూపలేనివారి పేరు త్రోసివేయరాదని చట్టమే చెప్పుచున్నది.

హైదరాబాదు, విశాఖపట్టణము, చెన్నపట్టణములకు కూలికిఁ బోయినవారి సంగతి ఇంతకంటె బాధాకరము. తలుపు తాళము చూచి ‘ఊరిలో లేరు’ అని వ్రాసికొన్నచో ఇంటిల్లిపాది పేర్లకును ముప్పు వచ్చును. తాత్కాలికముగా ఇల్లు విడిచినంతమాత్రమున నివాసము పోదని 20వ సెక్షను చెప్పుచున్నది. విచారించి చెప్పుకొన నవకాశ మీయక పేరు కొట్టివేయరాదు. ఇంట మిగిలిన ముసలివారు ఈ మాట నడుగ నేర్చుకొనవలెను. ప్రతి వీధికి నొక యువకుఁడు ముసాయిదా జాబితా చదివి వినిపించిన నెంతో మేలు.

ఇఁక పోలింగు కేంద్రము. మొదటి సాధారణ ఎన్నికలలో అభ్యర్థి కొక పెట్టె; 1962 నాఁటికి ముద్రవేయు కాగితము; 1989లో చట్టము యంత్రమున కనుమతి నిచ్చెను; 2013లో చీటీ చూపు యంత్రము వచ్చెను. మీట నొక్కిన పిదప చీటీ యేడు సెకండ్లు అద్దములో కనఁబడి పెట్టెలోఁ బడును, చేతికి రాదు. తొందరపడక చూడుఁడు. వేఱు గుర్తు వచ్చినదని తోఁచినచో కేంద్రాధికారితోఁ జెప్పవలెను. వ్రాఁతపూర్వకమైన వాఙ్మూలము తీసికొని, ఏజెంట్ల యెదుట పరీక్ష ఓటు వేయించును. అబద్ధమని తేలినచో శిక్ష గలదు గాన ఊరక యనరాదు.

మీ పేర మఱియొకరు ముందే ఓటు వేసియున్నచో కంటనీరు పెట్టుకొని యింటికి రావలదు. మీ రెవరో రుజువుపఱచినచో టెండరు ఓటు కాగితముపై నిత్తురు. ఎనుబదియైదేండ్లు దాఁటినవారును, నలువదిశాత మంతకు మించి వైకల్యము గలవారును ఫారము 12డి నిచ్చి యింటనే ఓటు వేయవచ్చును. 2024లో నిట్లే జరిగెను. ఎన్నికల ప్రకటన వెలువడిన యైదు దినములలో నది చేరవలెను.

ఫారములు నింపుటలో తోడుకావలసినవారు సభానంతరము మమ్ముఁ గలిసికొనవచ్చును. ఓటరుకార్డు వెంటఁ దెచ్చుకొనుఁడు.