టీబీ దొరికింది సరే, ఇంకేమీ లేదా?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

మాది గాజువాక. మా మావయ్య పోర్టు నుంచి బొగ్గు లారీ నడిపేవాడు. 30 ఏళ్లు బీడీ వదల్లేదు. మూడేళ్ల క్రితం దగ్గు, సాయంత్రమైతే జ్వరం, బరువు తగ్గిపోవడం. కళ్లె పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. జబ్బేంటో తెలిసింది కదా, 6 నెలలు మందులు వాడితే పోతుంది అనుకున్నాం.

2 నెలలకి కళ్లెలో టీబీ క్రిమి కనిపించలేదు. కానీ మనిషి మాత్రం చిక్కిపోతూనే ఉన్నాడు. దగ్గితే రక్తం. "ఏటోరా, మందులు మింగుతున్నా సత్తువ రావట్లేదు" అనేవాడు. "టీబీ కదా మావయ్యా, టైమ్ పడుతుంది" అని చెప్పింది నేనే.

నేను జాబ్ చేసేటప్పుడు కూడా ఒక బగ్ దొరగ్గానే టికెట్ క్లోజ్ చేసేసేవాణ్ని. దాని వెనకే ఇంకోటి ఉండేది. ఇక్కడా అదే అయింది. ఐదో నెలలో సీటీ స్కాన్‌లో గడ్డ కనిపించింది, బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. టీబీ అన్నది తప్పు కాదు. రెండూ ఉన్నాయి.

ఎందుకు కనిపెట్టడం కష్టం? దగ్గు, రక్తం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. ఎక్స్‌రేలో రెండూ తెల్లటి మచ్చల్లాగే కనిపిస్తాయి, అదీ ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే. కళ్లె పరీక్ష, సీబీనాట్ టీబీ ఉందని చెప్తాయి గానీ, క్యాన్సర్ లేదని చెప్పవు. అది తేలాలంటే సీటీ తీయాలి, అవసరమైతే బ్రాంకోస్కోపీతోనో సూదితోనో చిన్న ముక్క తీసి పరీక్షించాలి.

అందుకే గుర్తుపెట్టుకోండి. మందులు సరిగ్గా వేసుకుంటున్నా 2 నెలలకి మనిషి కోలుకోకపోతే, మచ్చ పెరిగితే, గొంతు బొంగురుపోతే డాక్టర్‌గారిని అడగండి: "ఇది మందులకు లొంగని టీబీనా, లేక ఇంకేదైనా కూడా ఉందా?" పొగ తాగేవాళ్ల విషయంలో అస్సలు ఆలస్యం చేయొద్దు. అలాగని టీబీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు.

మన వైజాగ్‌లోనే ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. టీబీ హెల్ప్‌లైన్ నంబర్ 1800-11-6666.

మావయ్య ఇప్పుడు లేడు. ముందే తెలిస్తే బతికేవాడని నేను అనను. కానీ అడగాల్సిన ఒక్క ప్రశ్న మేము మూడు నెలలు అడగలేదు. మీ ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతుంటే, ఈ రోజు ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.