రెండో వరుస: హైదరాబాదు ఖవ్వాలీ బృందాల్లో మనుషులు మారే తీరు

(స్మారకోపన్యాసం)



ఈ స్మారకోపన్యాస ధర్మనిధి ఎవరి పేరున ఏర్పడిందో ఆ మాస్టారు శాలిబండలో తెలుగు పాఠం చెప్పినవారు. చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో, చెప్పింది తెలుగు. రెంటిలోనూ ఆయనకు పద్యం వినిపిస్తే చాలు, కాలం తెలిసేది కాదు. గురువారం రాత్రి దర్గాకు ఖవ్వాలీ వినడానికి వెళుతూ మాలాంటి పాటపిచ్చి ఉన్న శిష్యుల్ని వెంట తీసుకెళ్లేవారు. ముందు కూర్చున్న పెద్ద గాయకుణ్ణి ఎలాగూ అందరూ చూస్తారు, మీరు వెనక కూర్చున్నవాళ్లను చూడండిరా అనేవారు. ఈరోజు నా ఉపన్యాసమంతా ఆ వెనక వరుస గురించే.

పాడేవాళ్ల బృందం ఒకటి పేరు తెచ్చుకుంటుంది. తర్వాత అందులో ఒకరు వెళ్లిపోతారు, ఒకరు చనిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. అయినా అదే బృందం అని మనం ఎందుకు నమ్ముతాం? దూరం నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. జపాన్‌లో ఎక్స్ అనే రాక్ బృందం ఉంది. 1982లో యోషికి, తోషి అనే చిన్ననాటి స్నేహితులు ఇద్దరు మొదలుపెట్టారు. నిక్కబొడిచిన రంగు జుట్టు, ముఖాలకు రంగులు, వేదిక మీద మంటలు, పొగలు. పాట ఎంతో నాటకమూ అంత. 1992లో బాస్ గిటారు వాయించే తైజీ వెళ్లిపోయి హీత్ వచ్చాడు. 1997 చివరి రోజున ఆఖరి కచేరీ చేసి విడిపోయారు. మరుసటి ఏడు మే నెలలో గిటారిస్టు హిదే కన్నుమూశాడు. పదేళ్ల తర్వాత మిగిలినవాళ్లు మళ్లీ కలిశారు. 2008లో టోక్యో డోమ్‌లో పాడినప్పుడు హిదే రూపాన్ని వెలుగుతో వేదిక మీద నిలబెట్టారు. పోయినవాడికి కూడా వేదిక మీద చోటు ఉంచారు. ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కానీ మన ఊళ్లో ఆ చోటు నిండే పద్ధతి వేరు. పెద్దాయన లేచి వెళ్లేసరికి ఆ చోటుకు తగ్గవాడు రెండు మూరల దూరంలో, ఆయన వీపు వెనకే ఇరవై ఏళ్లుగా కూర్చుని ఉంటాడు.

ఖవ్వాలీ మజ్లిస్‌ను దగ్గర నుంచి చూద్దాం. నేల మీద తెల్లటి చాందినీ. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు, హార్మోనియాలు వాళ్ల ముందే. ఒకరు పాట నడిపే పెద్ద, పక్కన ఆయనకు సరిజోడు. వెనక వరుసలో నలుగురైదుగురు, వాళ్లతోనే తబలా, ఢోలక్. పెద్దాయన ఒక పాదం ఎత్తుకుంటాడు. ఆయన ఊపిరి ఇంకా అయిపోకముందే సరిజోడు అందుకుంటాడు. ఇద్దరూ వదిలిన క్షణాన వెనక వరుస మొత్తం ఆ పాదాన్ని ఎత్తుతుంది. చప్పట్లు కూడా వెనకవాళ్లవే. రెండు అరచేతులూ పూర్తిగా కలవాలి, వేళ్లు విడివడకూడదు, లేకపోతే మోత పగులుతుంది. గంటసేపు అలా కొడితే చేతులు ఎర్రబడతాయి. లయ మాత్రం సన్నగిల్లకూడదు.

ఇక అసలు విద్య పాట మధ్యలో ఉంది. వినేవాళ్లలో ఒక ముసలాయనకు ఏదో మాట తగులుతుంది. తల ఊగుతుంది, కళ్ల నీళ్లు వస్తాయి, లేచి నిలబడతాడు. దాన్ని హాల్ అంటారు. అప్పుడు ఖవ్వాల్ ముందుకు పోకూడదు. ఏ మాట దగ్గర ఆయనకు ఆ స్థితి వచ్చిందో ఆ మాటే మళ్లీ మళ్లీ పాడాలి, ఆయన కుదుటపడి కూర్చునేదాకా. పదిసార్లు కావచ్చు, నలభైసార్లు కావచ్చు. పెద్ద గాయకుడు అక్కడ తానాలు వేస్తాడు, సర్గమ్ పాడతాడు, వేరే కవి పద్యపాదం ఒకటి తెచ్చి నడుమ కడతాడు. దాన్ని గిరహ్ అంటారు. ఇన్ని షికార్లు చేసి ఆయన ఎక్కడ దిగినా పాట అక్కడ ఉండాలి. ఆ పాటను నిలబెట్టి ఉంచేది రెండో వరుస. మన బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడు ఒక్క చరణం దాటలేడు. ఇదీ అంతే. బుర్రకథ నాజర్‌గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొంతుకు తందాన పలికిన వంతల పేర్లు ఈ సభలో ఎంతమందిమి చెప్పగలం?

ఈ విద్య మన ఊరికి ఢిల్లీ నుంచి వచ్చింది. సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా, ఆయన శిష్యుడైన కవి అమీర్ ఖుస్రో, ఇద్దరూ 1325లో కాలం చేశారు. ఖుస్రో తీర్చిదిద్దాడని చెప్పుకునే పాటలను తరతరాలుగా పాడుతూ వచ్చినవాళ్లను ఖవ్వాల్ బచ్చే ఘరానా అంటారు. ఆ ఘరానాలో పుట్టిన తాన్‌రస్ ఖాన్ చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ కొలువులో గాయకుడు. 1857లో ఢిల్లీ కూలింది. కొలువు లేదు, పాదుషా రంగూన్ పాలయ్యాడు. పాడేవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. తాన్‌రస్ ఖాన్ చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఏలుబడిలోని హైదరాబాదు చేరి ఇక్కడే కన్నుమూశాడు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, ఈ సంగతి చెప్పకుండా ఉండలేను. తాన్‌రస్ ఖాన్ దగ్గర నేర్చుకున్నవాళ్లలో పాటియాలా ఘరానాకు పునాది వేసిన అలీ బఖ్ష్, ఫతే అలీ ఉన్నారు. ఆ పాటియాలా గొంతుల్లో మకుటంలాంటివాడు బడే గులాం అలీ ఖాన్. ఆయన 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఖననం చేసింది పాతబస్తీలోనే, దాయిరా మీర్ మోమిన్‌లో. అంటే ఒకే చెట్టు కొమ్మలు రెండు. ఒకటి ఖయాలు వైపు, ఒకటి ఖవ్వాలీ వైపు పోయి, రెండూ మన ఊరి మట్టిలోనే కలిశాయి. దాయిరాకు వెళ్లిన ప్రతిసారీ నాకు ఇదే మనసులో మెదులుతుంది.

నిజాం కాలంలో ఖవ్వాల్‌కు నెలవులు రెండు: దర్గా, జాగీర్దార్ల మేడ అయిన దేవిడీ. దర్గాలో ఉర్సు జరిగితే పాడాలి, జాగీర్దారు దేవిడీలో మహఫిల్ జరిగితే పాడాలి. 1948 సెప్టెంబరు తర్వాత నిజాం రాజ్యం పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రైతుకు అది విముక్తి, అందులో నాకు రెండో మాట లేదు. పాడేవాడికి మాత్రం నెలవుల్లో ఒకటి మూతపడింది. దర్గా మిగిలింది. దాని తోడుకు రేడియో వచ్చింది. 1935లో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. పెళ్లి పందిళ్లు, గ్రామఫోను రికార్డులు, ఆ తర్వాత సినిమా తెచ్చిన మోజు. 1960లో వచ్చిన 'బర్సాత్ కీ రాత్' చిత్రం ఖవ్వాలీని రెండు జట్ల పోటీగా తెర మీద చూపించింది. ఆ తర్వాత ఊరూరా ఖవ్వాలీ ముఖాబలాలు. షకీలా బానో భోపాలీ లాంటివారు మెరిసే దుస్తులతో, చేతుల సైగలతో, జవాబుకు జవాబుగా పాడి వేదికను నాటకంలా నడిపారు. దర్గా ఖవ్వాలీ అభిమానులు దాన్ని చిన్నచూపు చూశారు. నాకు మాత్రం ఆ చిన్నచూపు న్యాయంగా తోచదు. ఖవ్వాలీలో ఆదినుంచీ నాటకం ఉంది. హాల్ వచ్చిన మనిషి ముఖం చూసి పాట మలుపు తిప్పడం కంటే పెద్ద నాటకం ఏముంది?

ఈ మారిన కాలంలో హైదరాబాదు ఖవ్వాలీకి దేశమంతటా గౌరవం తెచ్చినవారు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. తాన్‌రస్ ఖాన్ వంశపరంపరలోనివారు. పేరు చివరి వార్సీ, దేవా షరీఫ్‌కు చెందిన హాజీ వారిస్ అలీ షా అనే సూఫీ పట్ల భక్తికి గుర్తు. 1971లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. శాస్త్రీయ సంగీతం ఆయన చేతిలో పదునైన పనిముట్టు. రాగం ఎక్కడా చెదరదు, కవిత్వంలో ఒక్క మాట నలగదు. ఆయన తర్వాత కుమారుడు జహీర్ అహ్మద్ ఖాన్ వార్సీ, ఆ తర్వాత మనుమలు నజీర్ అహ్మద్ ఖాన్ వార్సీ, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీ. ఈ అన్నదమ్ములే ఇవాళ లోకానికి తెలిసిన వార్సీ బ్రదర్స్. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇద్దరికీ కలిపి వచ్చింది. కలిపి ఇవ్వడం నాకు చాలా నచ్చింది. ఖవ్వాలీలో ఒంటరి గొంతు లేదని అకాడమీకి తెలిసినట్టే కదా.

మూడు తరాలు మారాయి. తాతగారి పాత రికార్డు విని, మనుమల కచేరీకి వెళ్లి కూర్చుంటే గొంతులు వేరని తెలుస్తుంది, వేగం పెరిగిందని తెలుస్తుంది. కానీ పాదం ఎక్కడ వదలాలి, గిరహ్ ఎక్కడ వేయాలి, ఎంతసేపు ఆగాలి అన్న లెక్క అదే. ఆ లెక్కను ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు. అది వెనక కూర్చుని చప్పట్లు కొట్టిన పిల్లవాడి చేతుల్లోకి ఎక్కింది. తర్వాత గొంతులోకి వచ్చింది. ఆ తర్వాతే వాడు ముందుకు జరిగాడు.

సరిహద్దు అవతల పాకిస్తాన్‌లోనూ ఖవ్వాలీ బృందాలది ఇదే తీరు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ తండ్రి 1964లో పోయారు. అప్పటికి నుస్రత్‌కు పదిహేను పదహారేళ్లు. పినతండ్రి ముబారక్ అలీ ఖాన్ బృందాన్ని నడిపారు. 1971లో ఆయనా పోయాక నుస్రత్ పగ్గాలు పట్టాడు. తమ్ముడు ఫర్రుఖ్ హార్మోనియం మీద, దిల్దార్ హుసేన్ తబలా మీద. 1985లో ఇంగ్లండులో వోమాడ్ అనే సంగీత ఉత్సవంలో పాడాక ప్రపంచం ఆయనవైపు తిరిగింది. 1996లో జపాన్ వాళ్లు ఫుకుఒకా ఆసియా సంస్కృతి పురస్కారం ఇచ్చారు. 1997లో ఆయన పోయారు. తమ్ముడి కొడుకు రాహత్ అప్పటికే చిన్ననాటి నుంచి ఆ బృందంలో కూర్చుని పాడుతున్నాడు. సాబ్రీ బ్రదర్స్‌లో గులాం ఫరీద్ 1994లో, మఖ్బూల్ 2011లో పోయారు. గులాం ఫరీద్ కొడుకు అమ్జద్, తండ్రి వెనక వంత పాడి ఎదిగినవాడు. 2016 జూన్‌లో కరాచీ వీధిలో ఆయన్ని కాల్చి చంపారు. ఆ వార్త విన్న రాత్రి మన పాతబస్తీలో కూడా చాలామందికి నిద్ర పట్టలేదు. పాడేవాణ్ణి చంపితే ఒక్క గొంతు పోదు. వాడి వెనక నేర్చుకుంటున్న పిల్లలందరి బడి మూతపడుతుంది.

మన దగ్గర ఎవరూ ఎవరినీ కాల్చలేదు. కానీ ఆ బడి వేరే దారిన మెల్లగా మూతపడుతోంది. నా బాధ అది.

ఖవ్వాలీ బృందానికి వచ్చిన నజరానాను వాటాలుగా పంచుకుంటారు. పాట నడిపేవారికి ఎక్కువ, వెనకవాళ్లకు తక్కువ. వెనుకటికి వాటా చిన్నదైనా రాత్రులు ఎక్కువ. వారం వారం దర్గా, నెలకు రెండు మూడు ఉర్సులు, పెళ్లిళ్లు. అన్నీ కూడితే ఇల్లు గడిచేది. ఇప్పుడు పెద్ద కచేరీలు పెరిగాయి, పేరున్నవాళ్లకు పారితోషికం పెరిగింది. మంచిదే. అయితే కచేరీ ఏర్పాటు చేసేవాళ్లు ముందే అడుగుతున్నారు: ఎంతమంది వస్తారు, విమానం టికెట్లు ఎన్ని, గదులు ఎన్ని, ఐదుగురితో సరిపెట్టలేరా అని. ఐదుగురంటే ముందు ఇద్దరు, తబలా, ఢోలక్, ఇంకొక్కరు. తెగ్గొట్టింది ఏ వరుసనో వేరే చెప్పాలా? మైకులు బాగున్నాయి కాబట్టి ముగ్గురి గొంతును పదిమంది గొంతుగా చేయవచ్చు. వినేవాడికి తేడా తెలియకపోవచ్చు. పదేళ్ల పిల్లవాడికి మాత్రం కూర్చునే చోటు పోయింది.

నేను మాట్లాడిన వెనక వరుస కుర్రాళ్లలో ఒకడు పాతబస్తీలోని మదీనా సెంటర్ దగ్గర అత్తరు అంగట్లో పని చేస్తాడు, ఒకడు పగలు ఆటో నడుపుతాడు. "పాడటం మానలేదు సార్, పిలవడం మానేశారు" అన్నాడు ఆటో అబ్బాయి. వాడికి అరబ్బీ రాదు. అయినా 'మన్ కుంతో మౌలా' అనే ఖౌల్ పాటను మొదటినుంచి చివరిదాకా ఒక్క అక్షరం తప్పకుండా పాడతాడు. ఎక్కడ ఆగాలో, ఎవరి ముఖం చూసి ఆగాలో వాడికి తెలుసు. ఆ అబ్బాయి ముప్పై ఏళ్ల వయసులో ముందు వరుసకు రావాల్సినవాడు. రాకపోతే పోయేది వాడొక్కడే అనుకోను. వాడి దగ్గర ఆగిపోయేది ఢిల్లీ నుంచి మోసుకొచ్చినదంతా.

మనకు సురభి అనుభవం ఉంది. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ నాటక కుటుంబాలు ఇన్ని తరాలు నిలవడానికి కారణం, ఉయ్యాలలో బిడ్డ కూడా వేషగాడు కావడమే. బాలకృష్ణుడిగా వచ్చినవాడు కొన్నేళ్లకు అభిమన్యుడు, ఆ తర్వాత కృష్ణుడు. చిన్న వేషం లేని నాటకం ఆడితే పెద్ద వేషగాడు ఎక్కడి నుంచి వస్తాడు? ఖవ్వాలీ విషయంలో ప్రభుత్వ అకాడమీలు, కచేరీల నిర్వాహకులు, నాలాంటి శ్రోతలు ఈ ఒక్క సంగతి పట్టించుకోవాలని నా వేడుకోలు. చౌమహల్లాలో, తారామతి బారాదరిలో కచేరీ పెడితే పూర్తి బృందాన్ని పిలవండి. పారితోషికం ఒప్పందంలో వెనకవాళ్ల వాటా విడిగా రాయండి. రేడియో ఖజానాలో ఉన్న పాత రికార్డింగుల్లో వంత పాడినవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లలు బతికి ఉండగానే అడిగి రాయించండి.

ధర్మనిధి కమిటీ పెద్దలకు నాది ఒక్క కోరిక. ఈ ఉపన్యాసానికి నాకిస్తానన్న సంభావన నేను తీసుకోను. దానికి ఇంకొంత కలిపి వచ్చే ఏడాది ఇదే రోజున ఒక ఖవ్వాలీ బృందాన్ని పదిమందితో పిలవండి. ఆహ్వానపత్రిక మీద పదిమంది పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయండి. వెనక వరుస చివర ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టమని బృందం పెద్దను అడగండి, వాడికీ వాటా ఇవ్వండి. మర్నాడు బడి ఉంటే సెలవు చీటీ నేను రాసిస్తాను.