టీకా కాగితం, భద్రాచలం పెళ్లికూతురు



మన దగ్గర అమెరికా సంబంధం కుదిరితే జాతకాల మాట, పెట్టుపోతల మాట, ఫంక్షన్ హాల్ మాట అన్నీ ముందే తేలిపోతాయి. టీకాల మాట మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. పెళ్లయి, పిటిషన్ పాసై, ముంబయి ఇంటర్వ్యూ తేదీ వచ్చాక మెడికల్‌కు వెళ్లమంటారు. అక్కడ ఒక కాగితం ఉంటుంది. దాంట్లో జబ్బుల పేర్లు, వాటి ఎదురుగా గడులు. ఆ గడులు చూశాక తండ్రి నా దగ్గరికి వస్తాడు. "మా పాపకు చిన్నప్పటి నుంచి సూదులు పడవు డాక్టర్ గారూ, అవసరం లేదని ఒక సర్టిఫికెట్ రాసివ్వండి" అంటాడు. ఖమ్మంలో విన్నాను ఈ మాట, కొత్తగూడెంలో విన్నాను, భద్రాచలంలోనూ విన్నాను. ఓపీలో కూర్చుని ఐదు నిమిషాల్లో దీనికి జవాబు చెప్పలేను. అందుకే ఇవాళ తీరిగ్గా చెప్దామని వచ్చాను.

ముందు చట్టం సంగతి. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు ఉన్నవాడో అయి, భార్య అక్కడ స్థిరపడటానికి వెళ్తుంటే టీకాలు వేసుకున్నట్టు రుజువు చూపాలి. ఈ షరతు 1996లో వాళ్ల కాంగ్రెస్ చేసిన ఇమిగ్రేషన్ చట్టంతో వచ్చింది. భర్త హెచ్1బీ మీద ఉండి భార్య హెచ్4 మీద వెళ్తే అప్పటికి ఈ కాగితం అడగరు. కానీ రేపు అక్కడ గ్రీన్ కార్డుకు పెట్టుకున్నప్పుడు అక్కడి డాక్టరు తప్పకుండా అడుగుతాడు. బ్రిటన్‌కు వెళ్లే భార్యకైతే క్షయ లేదని సర్టిఫికెట్ కావాలి, టీకాల పట్టీ అక్కర్లేదు. ఒక్కో దేశానికి ఒక్కో భయం.

అమెరికా భయం ఊరికే పుట్టింది కాదు. 1964, 65 సంవత్సరాల్లో అక్కడ రుబెల్లా చెలరేగి కోటీ పాతిక లక్షల మందికి సోకింది. గర్భిణులకు సోకడం వల్ల సుమారు 20 వేల మంది పిల్లలు చెవుడుతోనో, కంటి పొరలతోనో, గుండె జబ్బుతోనో పుట్టారు. తట్టును 2000లో తమ దేశం నుంచి వెళ్లగొట్టామని వాళ్లు ప్రకటించుకున్నారు. మన పిల్లలు ఎంతోమంది ఉన్న టెక్సాస్‌లోనే 2025లో అది మళ్లీ వచ్చి 762 మందికి సోకింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. కొత్తగా కాపురానికి వెళ్లే అమ్మాయి ఏడాది తిరక్కుండా గర్భవతి కావచ్చు. రుబెల్లా టీకా ఆ అమ్మాయి కడుపులో బిడ్డను కాపాడేది. వీసా సంగతి పక్కనపెట్టినా నా కూతురికైతే వేయిస్తాను.

మరి మన అమ్మాయి దగ్గర ఏ టీకాలు ఉంటాయి? 1997లో పుట్టిన పిల్లను తీసుకోండి. మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. ఆ లెక్కన ఆమెకు బీసీజీ పడి ఉంటుంది, భుజం మీద మచ్చ చూసుకోవచ్చు. పోలియో చుక్కలు, కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతాలకు కలిపి వేసే డీపీటీ, తొమ్మిదో నెలలో తట్టు టీకా పడి ఉంటాయి. గవదబిళ్ళల టీకా సర్కారు పట్టికలో అప్పుడు లేదు, ఆటలమ్మ టీకా కూడా లేదు. హెపటైటిస్ బి దేశమంతటా వచ్చేసరికి 2011 అయింది. రుబెల్లా కలిసిన టీకా మన రాష్ట్రంలో 2017లో బడుల్లో వేశారు, పదిహేనేళ్లు దాటని పిల్లలకు. అప్పటికి ఈ అమ్మాయికి ఇరవై. అంటే తల్లి ఎంత శ్రద్ధగా ఏఎన్ఎం దగ్గరికి ఎత్తుకెళ్లినా ఆ గడుల్లో సగం ఖాళీగానే ఉంటాయి. తల్లులు నా ముందు తలొంచుకుని కూర్చుంటారు, తప్పు చేసినట్టు. వాళ్ల తప్పేం లేదమ్మా. సర్కారు ఇచ్చినవన్నీ మీరు వేయించారు.

ఇక వేసిన వాటికైనా కాగితం ఉండాలి కదా. మన సరిహద్దు ఊళ్ల గతి అక్కడే వేరుగా ఉంది. చింతూరులో 1997లో పుట్టిన అమ్మాయి ఖమ్మం జిల్లా పిల్ల. 2014లో ఆ మండలం తూర్పు గోదావరిలోకి వెళ్లింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి పోయి, ఆ తర్వాత ఏలూరు జిల్లాలో చేరాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండి 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పిల్ల కదల్లేదు, గోదావరి కదల్లేదు, జిల్లాలు మాత్రం మారాయి. పాతికేళ్ల కిందటి సబ్‌సెంటర్ రిజిస్టర్ కోసం ఏ ఆఫీసు మెట్లెక్కాలి? ఇల్లు వరదలో మునిగి కార్డులు కొట్టుకుపోయినవాళ్లు ఇంకెంతమందో.

ఇలాంటి వాళ్లకు నేను చెప్పేది ఇదే. పాత కార్డు కోసం ఆర్నెల్లు తిరగకండి. "వేయించాం సార్" అనే నోటిమాట చెల్లదు, తేదీ ఉన్న కాగితం కావాలి. కార్డు పోతే రెండు దారులు. తట్టు, రుబెల్లా, హెపటైటిస్ బి లాంటి వాటికి రక్త పరీక్షలో రోగనిరోధక శక్తి కనబడితే ఆ గడి నిండినట్టే. లేదంటే మళ్లీ వేయించుకోవడం. ఒకసారి పడ్డ టీకా రెండోసారి పడితే ఒంటికి నష్టం లేదు. ఆటలమ్మ విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. చిన్నప్పుడు పోసిందని నమ్మకంగా చెప్పగలిగితే పరీక్షించే డాక్టరు ఆ మాటను లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ ఏడాది వేపాకులు కట్టి, నీళ్లు పోసి, అమ్మవారికి చలిమిడి పెట్టిన తల్లికి ఆ తిథి కూడా గుర్తుంటుంది. అన్ని డోసులూ పూర్తికావాలని కూడా లేదు. రెండో డోసుకు నెల ఆగాల్సి ఉంటే మొదటిది వేసి, తర్వాతి దానికి ఇంకా వేళ కాలేదని రాసి పంపిస్తారు. ఈ ముక్క తెలియక ప్రయాణాలు వాయిదా వేసుకున్నవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు అసలు మినహాయింపు. చట్టంలో వైద్య కారణంతో మినహాయింపు ఉంది. దానికి ప్రత్యేకంగా దరఖాస్తు లేదు, రుసుము లేదు. అయితే రాయాల్సింది నేను కాదు, మీ ఫ్యామిలీ డాక్టరు కాదు. కాన్సులేట్ నియమించిన పానెల్ డాక్టరు మాత్రమే రాయాలి. మేమిచ్చే కాగితం ఆయనకు ఆధారం, అంతే. ఇంకో సంగతి, మినహాయింపు ఏ టీకాకు కారణముందో ఆ ఒక్క టీకాకే. మిగతావి వేసుకోవాలి.

గర్భం అన్నిటికన్నా మామూలుగా కనబడే కారణం. చర్ల వైపు నుంచి ఒకమ్మాయి అత్తగారితో వచ్చింది. ఐదో నెల. మెడికల్‌కు తేదీ వచ్చింది. గర్భం సంగతి తెలిస్తే వీసా ఆపేస్తారేమోనని ఇంట్లో అందరూ కలిసి దాచాలనుకున్నారు. వదులు చుడీదార్ కూడా కుట్టించారు. దాచి వెళ్తే తెలియక అన్ని టీకాలూ వేసేస్తారు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎమ్మెమ్మార్, ఆటలమ్మ టీకా రెండూ బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసినవి, అవి గర్భిణికి వేయకూడదు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు, కడుపుకు రక్షణ కప్పకుండా తీయకూడదు. ఆ అమ్మాయితో నేను చెప్పాను, మొదటి మాట అదే చెప్పు తల్లీ, గర్భవతినని. స్కాన్ రిపోర్టు పట్టుకుని వెళ్లింది. ఆ రెండు గడుల్లో వైద్యరీత్యా తగదని రాశారు. ధనుర్వాతం, కోరింత దగ్గు కలిసిన టీకా మాత్రం వేశారు. అది గర్భిణికి మంచిదే, పుట్టబోయే బిడ్డకూ రక్ష.

మన వైపు ఎక్కువగా వచ్చే ఇంకో ప్రశ్న సికిల్ సెల్. కోయ కుటుంబాల్లో ఈ జబ్బు ఎంత బాధపెడుతుందో ఇక్కడ కూర్చున్న చాలామందికి నాకన్నా బాగా తెలుసు. 2023లో కేంద్రం దీన్ని నిర్మూలించడానికి మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు పెరిగాయి, కార్డులు వచ్చాయి. ఆ కార్డు చూపించి టీకాల నుంచి తప్పించుకోవచ్చా అని అడుగుతారు. వద్దు. సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ప్లీహం సరిగా పనిచేయదు, ఇన్ఫెక్షన్లు మిగతావాళ్లకన్నా తొందరగా పట్టుకుంటాయి. అందరికన్నా ముందు టీకాలు వేసుకోవాల్సింది వాళ్లే. కానీ ఈ జబ్బు నొప్పులు వచ్చినప్పుడు రక్తం ఎక్కించి ఉంటే అది వేరే లెక్క. రక్తం ఎక్కించాక సుమారు ఆర్నెల్లు ఎమ్మెమ్మార్, ఆటలమ్మ టీకాలు వేయరు, ఎక్కించిన రక్తంలోని ప్రతిరక్షకాలు టీకాను పనిచేయనివ్వవు. ఆ డిశ్చార్జి సమ్మరీ జాగ్రత్త చేసుకుంటే పానెల్ డాక్టరు అది చూసి కొంతకాలానికి మినహాయింపు రాయగలడు. ఖమ్మంలో తలసేమియా పిల్లల తల్లిదండ్రులకూ ఇదే చెప్తాను.

క్యాన్సర్‌కు కీమో నడుస్తున్నవాళ్లు, స్టెరాయిడ్లు పెద్ద మోతాదులో వారాల తరబడి వాడుతున్నవాళ్లు, హెచ్ఐవీతో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లు, వీళ్లకు కూడా బతికున్న క్రిముల టీకాలు తగవు. వెనకటి డోసు పడగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడ్డ చరిత్ర ఉంటే ఆ టీకాకు మినహాయింపు ఉంటుంది. సూది చూసి కళ్లు తిరగడం, రెండు రోజులు జ్వరం రావడం, గుడ్డు పడకపోవడం, ఇవి ఎమ్మెమ్మార్‌ను ఆపే కారణాలు కావు.

మత విశ్వాసం మీద అడిగే దారి వేరు. దానికి దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి, ఏ రకం టీకా అయినా తమకు సమ్మతం కాదని నిజాయితీగా చూపాలి. పోలియో చుక్కలకు పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తిన మన ఇళ్లలో ఆ మాట నిలవదు. ఎవరైనా ఏజెంటు డబ్బు తీసుకుని లేని ఎలర్జీ రాయించి ఇస్తానంటే ఒప్పుకోకండి. అబద్ధపు కాగితం బయటపడితే టీకా సమస్య కాస్తా మోసం కేసు అవుతుంది, ఆ అమ్మాయి భర్త దగ్గరికి వెళ్లే దారి జన్మలో తెరుచుకోకపోవచ్చు.

ఇంతవరకూ చట్టం చెప్పాను. కానీ ఆ తండ్రి సర్టిఫికెట్ అడిగింది చట్టం తెలియక మాత్రమే కాదని నా నమ్మకం. మన పాత ఖమ్మం జిల్లాలో టీకా అంటే ఒక పాత గాయం ఉంది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. సుమారు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే గిరిజన బిడ్డలు. తర్వాత తేలిందేమిటంటే, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. ఇక్కడ ఐదుగురు, ఇదే పని జరిగిన గుజరాత్‌లో ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో పని ఆగింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం అంగీకారం తీసుకున్న తీరును, పర్యవేక్షణ లోపాన్ని గట్టిగా తప్పుపట్టింది.

నా అభిప్రాయం దాచను. ఆ టీకా మంచిది. దాన్ని మన పిల్లలకు వేసిన తీరు అన్యాయం. ఇరవై కిలోమీటర్ల అవతల తల్లి బతికుండగా వార్డెన్ సంతకం పెట్టడమేమిటి? సరిగ్గా అదే రోజుల్లో, 2008 నుంచి, అమెరికాకు స్థిరపడటానికి వెళ్లే యువతులకు అదే హెచ్‌పీవీ టీకా తప్పనిసరి చేశారు. అక్కడ మహిళా సంఘాలు, వలసదారుల సంఘాలు అడ్డం తిరిగాయి. 2009 డిసెంబరు 14 నుంచి తీసేశారు. ఊరంతా పాకే జబ్బులకో, దేశం నుంచి తుడిచేసిన జబ్బులకో మాత్రమే వలస వచ్చేవాళ్లను టీకా అడగాలని కొత్త నియమం పెట్టుకున్నారు. కోవిడ్ టీకా కూడా 2021 అక్టోబరులో ఈ పట్టీలోకి వచ్చింది, 2025లో పోయింది. అడిగేవాళ్లుంటే పట్టీ మారుతుంది. మన హాస్టల్ పిల్లల తరఫున ఆ జూలైలో అడగడానికి ఎవరూ లేరు.

ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటినవాళ్లు. కొందరు పెళ్లి చేసుకుని దేశం దాటుతున్నారు. వాళ్లలో ఒకామె మెడికల్‌కు ముందు నా దగ్గరికి వచ్చి, "మళ్లీ నన్ను అడగకుండానే వేస్తారా సార్?" అంది. సర్టిఫికెట్ అడగలేదు, ఇదొక్కటే అడిగింది. ఆ కాగితం తెచ్చి టేబుల్ మీద పెట్టి ఒక్కో గడీ చదివాం. ఏ జబ్బుకు, ఏ మందు, ఎందుకు, తర్వాత ఏమవుతుంది. గంట పట్టింది. నాలుగైదు ప్రశ్నలు అడిగింది, ఒకటి నాకు కూడా పుస్తకం తిరగేస్తే గానీ తేలలేదు. తర్వాత చెయ్యి చాపింది. ఎమ్మెమ్మార్ వేశాక నెలరోజులు గర్భం రాకుండా చూసుకోమని చెప్తే, తేదీ తన చేతి రాతతోనే కార్డు మీద రాసుకుంది.

చర్ల అమ్మాయికి అమెరికాలోనే పాప పుట్టింది. కాన్పయ్యాక ఎమ్మెమ్మార్ వేయించుకుందట, పాలిచ్చే తల్లికి అది వేయొచ్చు. కార్డు ఫోటో తీసి పంపింది. ఇందాక సగం ఖాళీ అన్నానే, అలాంటి కార్డులో ఇప్పుడు ఆటలమ్మది ఒక్కటే మిగిలింది.

ఇక మీరు అడగండి. పాత కార్డులు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటీ చూద్దాం.